ఉడుంపట్టుకు ఇంకా పని ఉందా?

తమ్ముడూ, నువ్వడిగింది ఇది: రెండున్నరేళ్లుగా బ్రెజిలియన్ జుజుత్సు (బీజేజే, అంటే నేలమీద పట్లతో లొంగదీసే విద్య) నేర్చుకుంటున్నావు, ఈమధ్యే తెల్ల బెల్టు దాటి బ్లూ బెల్ట్ వచ్చింది, వచ్చే ఏడాది ఎంఎంఏలో (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన పోరు) ఒక అమెచ్యూర్ బౌట్ ఆడాలనుంది. జిమ్‌లో సీనియర్లేమో "బీజేజేతో ఇప్పుడెవడు గెలుస్తున్నాడ్రా, అది తొంభైల నాటి ముచ్చట, పోయి కుస్తీ నేర్చుకో" అని ఆటపట్టిస్తున్నారు. ఇన్నాళ్ల కష్టం వృథా అయిందా అని నీ టెన్షన్.

వృథా కాలేదు. అలాగని మీ సీనియర్లు చెప్పింది ఒట్టి మాటా కాదు, అందులో సగం నిజముంది. ఏ సగమో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేను పదమూడేళ్లుగా మ్యాట్ మీద ఉన్నాను, బ్రౌన్ బెల్ట్, బ్లాక్‌కి ఒక మెట్టు కింద. అమెచ్యూర్‌లో మూడు బౌట్లు ఆడి రెండు ఓడాను. కింద రాసేదాంట్లో చాలా భాగం ఆ రెండు ఓటముల దగ్గర నేర్చుకున్నదే.

మొదట ఆ తొంభైల ముచ్చట సంగతి. 1993 నవంబరు 12న డెన్వర్‌లో జరిగిన మొట్టమొదటి యూఎఫ్‌సీలో (ఇవాళ ఎంఎంఏలో అన్నిటికంటే పెద్ద పోటీ సంస్థ) బీజేజేవాడు రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. (బ్రెజిల్‌లో ఆ పేరును 'హోయ్స్' అంటారు, మాటకు మొదట వచ్చే ర అక్కడ హ అవుతుంది. మనకు రాయిస్ అలవాటైపోయింది, అదే కానిద్దాం.) మనిషి ఎనభై కిలోలు, చూస్తే బ్యాంకు ఉద్యోగిలా ఉంటాడు. ఆ రాత్రి అందరూ ఫైనల్ గురించే మాట్లాడతారు కానీ, నువ్వు చూడాల్సింది అతని మొదటి ఫైట్. ఎదురుగా ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్, ఒక చేతికి మాత్రమే గ్లోవ్ వేసుకుని దిగాడు. గ్రేసీ అతన్ని పడేసి మీదెక్కి కూర్చున్నాడు. చోక్ (మెడ నొక్కే పట్టు) పెట్టలేదు, చెయ్యి విరవలేదు. జిమ్మర్సన్ ఊరికే ట్యాప్ చేసేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. మీద కూర్చున్న మనిషిని ఎలా దించాలో, ఆ తర్వాత తనకేమవుతుందో ఆయనకు తెలియదు. ఆ రోజుల్లో బీజేజే గెలుపులో సగం ఇదే, ఎదుటివాడి తెలియనితనం.

ఇంకో సగం, టైము. 1994 డిసెంబరులో టల్సాలో యూఎఫ్‌సీ 4 ఫైనల్. గ్రేసీ మీద డాన్ సెవర్న్, పేరున్న కుస్తీవీరుడు, బరువులో ముప్ఫై కిలోలకు పైనే ఎక్కువ. పదిహేను నిమిషాలకు పైగా గ్రేసీ అతని కింద నలుగుతూనే ఉన్నాడు. చివరికి కాళ్లు మెడచుట్టూ వేసి ట్రయాంగిల్ బిగిస్తే సెవర్న్ ట్యాప్ చేశాడు. ఈలోగా టీవీ స్లాట్ అయిపోయి, డబ్బు కట్టి చూస్తున్న చాలామందికి ప్రసారం ఆగిపోయింది. తర్వాతి ఈవెంట్ నుంచే టైమ్ లిమిట్ పెట్టేశారు. ఆ పదిహేను నిమిషాలు ఇవాళ ఎవరూ ఇవ్వరు. ఐదు నిమిషాలకు గంట మోగుతుంది, ఇద్దరినీ లేపి మళ్లీ నిలబెడతారు. నువ్వు ఓపిగ్గా అల్లుకొచ్చిన వల మొత్తం అక్కడే తెగిపోతుంది.

తెలియనితనం కూడా ఎన్నాళ్లో నిలవలేదు. 2006 మేలో మాట్ హ్యూస్ అనే కుస్తీవాడు అదే రాయిస్ గ్రేసీని మొదటి రౌండ్‌లోనే ఆపేశాడు. ఎలా ఆపాడో చూడు: వీపెక్కి, బోర్లా పరిచి, గుద్దుతూ. గ్రేసీ కుటుంబం లోకానికి నేర్పిన స్థానం నుంచే గ్రేసీ ఓడాడు. చాలామంది ఈ ఫైట్‌ని 'బీజేజే చచ్చిపోయిన రోజు' అంటారు. నాకు మాత్రం బీజేజే పక్కింటివాళ్లకు కూడా వచ్చేసిన రోజులా కనిపిస్తుంది.

ఇక అసలు విషయానికొస్తాను. బీజేజేలో కింద పడుకుని ఆడే ఆట ఒకటుంది, వీపెక్కి ఆడే ఆట ఒకటుంది. ఎంఎంఏలో మొదటిది దాదాపు చచ్చింది, రెండోది బ్రహ్మాండంగా బతికుంది. మీ సీనియర్లు మొదటిదాన్ని చూసి మాట్లాడుతున్నారు.

నా రెండో బౌట్ చెప్తాను. బెంగళూరులో ఒక అమెచ్యూర్ పోటీ, మూడు నిమిషాల రౌండ్లు. అవతలివాడు నన్ను పడేశాడు, నేను సంతోషించాను. నిజంగానే. నా క్లోజ్డ్ గార్డ్ (వెల్లకిలా పడుకుని పైవాణ్ని కాళ్ల మధ్య బంధించడం) మా జిమ్‌లో ఎవరూ దాటలేకపోయేవారు. నడుం చుట్టూ కాళ్లు బిగించి, మణికట్టు పట్టుకుని, ఆర్మ్‌బార్‌కి, అంటే మోచెయ్యి విరిచే పట్టుకి, తిప్పాను. చెమటకు వాడి చెయ్యి సబ్బులా జారిపోయింది. గీ, అంటే బీజేజే దుస్తులు, వేసుకుని ఉంటే చొక్కా చెయ్యి పట్టుకుని ఆపేవాణ్ని. మళ్లీ తిప్పాను, వాడు నన్ను కేజ్ (ఎంఎంఏ బరి చుట్టూ ఉండే కంచె) వైపు నెట్టి తల గోడకు ఆనించేశాడు. తల గోడకు ఆనితే నడుం తిరగదు, నడుం తిరక్కపోతే గార్డ్ అనేది ఒట్టి కౌగిలింత. ఆ కౌగిలింతలో వాడు ఒక్కో గుద్దూ తాపీగా వేశాడు. రౌండ్ అయ్యాక మూలకొచ్చి "రెండుసార్లు దాదాపు పట్టేశా" అన్నాను. మా కోచ్ "మూడుసార్లు దాదాపు చచ్చావు" అన్నారు. జడ్జీల కాగితం మీద ఆ 'దాదాపు' ఎక్కడా లేదు.

పెద్ద స్థాయిలో కూడా ఇంతే. 2024 ఏప్రిల్‌లో యూఎఫ్‌సీ 300లో చార్ల్స్ ఒలివేరా, ఆర్మాన్ సరుక్యాన్ ఫైట్ చూశావా? ఒలివేరా అంటే యూఎఫ్‌సీ చరిత్రలో అందరికంటే ఎక్కువ సబ్మిషన్ విజయాలు (పట్టుతో లొంగదీసి గెలవడం) ఉన్నవాడు. ఆ రోజు సరుక్యాన్ మెడ అతని చంకలో ఇరుక్కుంది, ఊపిరి బిగబట్టి చూశాం. తల బయటికొచ్చింది, ఫైట్ సరుక్యాన్‌కి పోయింది, స్ప్లిట్ డెసిషన్, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అతనివైపు. ముగించని పట్టుకు మార్కులు దొరకడం కష్టం. పైన ఉండి దెబ్బలేసినవాడికి సులభంగా దొరుకుతాయి.

కాళ్ల పట్లు సంగతీ చెప్పాలి, ఎందుకంటే నీ ప్రశ్నలో హీల్ హుక్ (మడమ తిప్పి మోకాలు మెలిపెట్టే పట్టు) మీద పెట్టుకున్న ఆశ కనిపించింది. బీజేజే పోటీల్లో రెండు చేతులతో కాలు పట్టుకుని నింపాదిగా బిగిస్తావు, అవతలివాడు నీ ముఖం మీద గుద్దడు. ఎంఎంఏలో నీ రెండు చేతులూ వాడి మడమ దగ్గరుంటే నీ గడ్డాన్ని కాసేదెవరు? గ్యారీ టోనన్ కాళ్ల పట్లలో ప్రపంచంలో పేరున్నవాడు. 2022 మార్చిలో వన్ చాంపియన్‌షిప్ అనే ఇంకో సంస్థ టైటిల్ ఫైట్‌లో తాన్ లే కాలు పట్టుకోబోయి, నిమిషం గడవకముందే స్పృహ తప్పాడు. అంతకుముందు ఏడాది రయన్ హాల్ కూడా ఇలాగే ఇలియా తొపూరియా కాళ్ల కిందికి దొర్లుతూ వెళ్లి మొదటి రౌండ్‌లోనే నాకౌట్ అయ్యాడు. అలాగని మానెయ్యమనను. 2018 డిసెంబరులో ఇదే హాల్ బీజే పెన్‌ని హీల్ హుక్‌తోనే ట్యాప్ చేయించాడు. పెన్ బీజేజేలో ప్రపంచ చాంపియన్, కాకపోతే అప్పటికి వయసు మీదపడింది. మొత్తానికి ఇది లాటరీ టికెట్టు. జేబులో ఒకటుంటే తప్పులేదు కానీ దాన్ని నమ్ముకుని అప్పులు చెయ్యకూడదు.

ఇక నేలమీదికి తీసుకెళ్లడమే చేతకానివాడి కథ. బీజేజే దిట్ట డెమియన్ మాయా వీపెక్కితే దించడం ఎవరితరమూ కాదనేవారు, ఉడుంపట్టు అంటే అదే. 2017 జులైలో టైటిల్ కోసం, కుస్తీ నుంచి వచ్చిన చాంపియన్ టైరన్ వుడ్లీ మీద దిగాడు. ఐదు రౌండ్లలో ఇరవైకి పైగా టేక్‌డౌన్ (నేలకు పడేసే) ప్రయత్నాలు, ఒక్కటంటే ఒక్కటి పడలేదు. అన్ని రౌండ్లూ నిలబడే గడిచాయి. ప్రపంచంలోని అత్యుత్తమ బీజేజే ఆ రాత్రి కేజ్‌లోకి వచ్చి, పని దొరక్క ఇంటికెళ్లిపోయింది. మార్కుస్ అల్మైదాదీ కొంత ఇలాంటి సంగతే, బుషేషా అంటారుగా, పదమూడు ప్రపంచ టైటిళ్లు ఉన్న హెవీవెయిట్. 2025 జులైలో అబుదాబిలో యూఎఫ్‌సీలో తొలి బౌట్ ఆడి, మార్టిన్ బుడే చేతిలో డెసిషన్‌లో ఓడాడు. ఇంట గెలిచినవాళ్లంతా రచ్చ గెలవలేరు.

ఇంతవరకూ చదివి నిరుత్సాహపడితే, ఇప్పుడు అవతలి సగం చూడు.

అదే మాయా, రెండేళ్ల తర్వాత 2019 అక్టోబరులో సింగపూర్‌లో బెన్ ఆస్క్రెన్ మీద దిగాడు. ఆస్క్రెన్ ఒలింపిక్స్ ఆడిన కుస్తీవాడు, అంటే వుడ్లీలాగే మాయాకు అడ్డుపడాల్సినవాడు. కానీ ఇద్దరూ నేలకు చేరారు. మూడో రౌండ్‌లో మాయా చెయ్యి ఆస్క్రెన్ మెడ చుట్టూ పడింది, అయిపోయింది.

ఎందుకయిపోయిందో నాకు ఒక కుర్రాడి వల్ల బాగా అర్థమైంది. పాతబస్తీలో చిన్నప్పటి నుంచి మట్టిగోదాలో కుస్తీ పట్టినవాడు, కొన్నేళ్ల కిందట మా దగ్గరికొచ్చాడు. మొదటిరోజు నిలబడి మొదలుపెడితే నేనతన్ని కదల్చలేకపోయాను. గోడకు అదిమి పెట్టాడు, నా బ్రౌన్ బెల్టు నన్ను చూసి నవ్వుకుని ఉంటుంది. కానీ ఎలాగో ఒకసారి కాలు తగిలించి పడేస్తే, పడీపడగానే గబుక్కున బోర్లా తిరిగాడు. తిరుగుతాడు మరి. కుస్తీలో వీపు మట్టికి తగిలితే ఓటమి, వెల్లకిలా పడకుండా బోర్లా తిరగడం పదేళ్లుగా వాడి ఒంట్లో ఇంకిపోయింది. అదే మాకు పండగ. బోర్లా తిరిగినవాడు తన వీపును చేతుల్లో పెట్టి ఇచ్చినట్టే. ఎక్కి, రెండు మడమలూ తొడల లోపలికి దూర్చి, చెయ్యి గొంతు కిందికి తీసుకెళ్లాను. ఆ సాయంత్రం ఒక్క రౌండ్‌లో ఐదుసార్లు ట్యాప్ చేశాడు.

ఈ చోక్ గురించి కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే యూఎఫ్‌సీలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సబ్మిషన్ ఇదే, రేర్ నేకెడ్ చోక్. మోచేతి మడత సరిగ్గా గడ్డం కింద ఉండాలి. అప్పుడు భుజం వైపు కండ మెడకు ఒకపక్క, ముంజేయి ఇంకోపక్క నొక్కుతాయి. నొక్కుకుపోయేది గాలిగొట్టం కాదు, మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు నాళాలు. సరిగ్గా పడితే పది సెకన్లు కూడా పట్టదు, మనిషి నిద్రపోతాడు. బలమున్నవాడూ నిద్రపోతాడు, అది దీని అందం. చెమట పట్టినా పనిచేస్తుంది, చొక్కా అక్కర్లేదు. ముఖ్యంగా, వాడు నిన్ను చూడలేడు, కొట్టలేడు, నువ్వు వాణ్ని కొట్టగలవు. కింద పడుకుని ఆడే ఆటకున్న జబ్బులు ఒక్కటీ దీనికి లేవు. కష్టమంతా గ్లోవ్‌తోనే. నాలుగు ఔన్సులదే అయినా, గడ్డం కిందికి దూర్చేటప్పుడు ఆ దిండు అడ్డం పడుతుంది, రెండో చెయ్యి తల వెనక్కి పంపేటప్పుడూ అంతే. ఉత్త చేతులతో రోజూ పడే చోక్, గ్లోవ్ వేసుకున్న రోజు పడకపోతే ఆశ్చర్యపోకు.

ఇప్పుడు పేర్లు చూడు. 2021 డిసెంబరులో డస్టిన్ పోరియే, 2022 మేలో జస్టిన్ గేజీ, ఇద్దరినీ ఒలివేరా ఈ చోక్‌తోనే ముగించాడు. ఫ్లైవెయిట్ చాంపియన్‌గా ఉన్నప్పుడు అలెషాంద్రె పంతోజా 2024 డిసెంబరులో కాయ్ అసాకురాని, 2025 జూన్‌లో కాయ్ కారా-ఫ్రాన్స్‌ని ఇలాగే పట్టాడు. మెడను ముందువైపు నుంచి పట్టే చోక్‌లూ బతికే ఉన్నాయి. 2023 మార్చిలో సిరిల్ గాన్‌ని జాన్ జోన్స్ రెండు నిమిషాలకే గిలటిన్‌తో ముగించాడు. ఇవన్నీ తొంభైల సంగతులా?

ఇక్కడ మీ సీనియర్లు, రష్యాలోని దగెస్తాన్ నుంచి వచ్చిన యూఎఫ్‌సీ చాంపియన్ల పేర్లెత్తి, "కబీబ్, ఇస్లాం వాళ్లది సాంబో, కుస్తీ, బీజేజే కాదు కదా" అంటారు. అననీ. (సాంబో అంటే రష్యా వాళ్ల పట్ల విద్య.) దగెస్తాన్ వాళ్లు నిన్ను నేలకు తెచ్చేది, గోడ దగ్గర కాళ్లు కట్టిపడేసేది, ఒక మణికట్టు వెనక్కి లాగి బంధించేది కుస్తీతోనే, ఒప్పుకుంటాను. కానీ ముగింపు చూడు. కబీబ్ తన చివరి ఫైట్‌లో, 2020 అక్టోబరులో, కాలేజీ కుస్తీలో పేరు తెచ్చుకున్న గేజీని ట్రయాంగిల్‌తో నిద్రపుచ్చాడు. 1994లో సెవర్న్‌ని గ్రేసీ పట్టిన పట్టే. ఒలివేరాని 2022 అక్టోబరులో ఇస్లాం మఖచెవ్ ఆర్మ్ ట్రయాంగిల్‌తో (చేతులతో బిగించే చోక్) ట్యాప్ చేయించాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు అనుకో, కానీ ఆ తల తన్నింది కూడా నేలమీద చోక్‌తోనే. పట్టుకు ఏ దేశం పేరు పెట్టుకున్నా మెడకు తేడా తెలియదు.

మన వైపు నుంచి ఒక ఉదాహరణ. యూఎఫ్‌సీలో బౌట్ గెలిచిన మొదటి భారతీయురాలు పూజా తోమర్, 2024 జూన్‌లో. ఆమె బలం వూషు, అంటే నిలబడి కొట్టడం. తర్వాతి బౌట్ 2025 మార్చిలో లండన్‌లో షానా బ్యానన్‌తో ఆడింది, రెండో రౌండ్‌లో ఆర్మ్‌బార్‌కి ట్యాప్ చేసింది. మన దేశంలో కొట్టడం బాగా వచ్చినవాళ్లు, కుస్తీ బాగా వచ్చినవాళ్లు బోలెడుమంది. నేలమీద చెయ్యి ఎక్కడ పెట్టకూడదో ఒంటికి తెలిసినవాళ్లు తక్కువ. నీ రెండున్నరేళ్లు అక్కడ పనికొస్తాయి.

టీవీలో కనిపించని బీజేజే ఇంకోటుంది. 2021 సెప్టెంబరులో యూఎఫ్‌సీ చాంపియన్ వొల్కనోవ్‌స్కీ, ఒర్టెగా ఫైట్ మూడో రౌండ్ మళ్లీ మళ్లీ చూడు. ఒర్టెగా గిలటిన్ ఎంత లోతుగా పడిందంటే చాంపియన్ ముఖం రంగు మారింది. బయటపడ్డాడు. వెంటనే ట్రయాంగిల్‌లో ఇరుక్కున్నాడు. అందులోంచీ బయటపడి, మీద కూర్చుని గుద్దాడు. స్కోర్‌కార్డులో ఇది 'సబ్మిషన్ లేదు' అనే పడుతుంది. నా లెక్కలో ఆ రౌండ్‌లో ఇద్దరూ చేసింది బీజేజేనే. పట్టడం ఎంత విద్యో, ఊడటం అంత విద్య. సబ్మిషన్లు తగ్గినట్టు అనిపించడానికి పెద్ద కారణం ఇదే, ఇప్పుడు అందరికీ ఊడటం వచ్చు. తొపూరియానే తీసుకో, గుద్దులతో పడేస్తాడని అందరికీ తెలుసు, బీజేజే బ్లాక్ బెల్ట్ అని ఎంతమందికి గుర్తుంటుంది? కింద పడినా ఏం కాదన్న ధీమా ఉన్నవాడే పైన చేతులు ధైర్యంగా విసురుతాడు.

ఇప్పుడు ఆ పాతబస్తీ కుర్రాడి సంగతి పూర్తి చేయాలి. మూడు నెలలు తిరిగేసరికి వాడు బోర్లా తిరగడం మానేశాడు. గడ్డం దించి, నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుని, వీపు నేలకు ఆనించి జారిపోవడం నేర్చుకున్నాడు. అంతే, నా ఆట కట్టింది. వాడికి నా విద్యలో కావలసిన ముక్క మూడు నెలల్లో దొరికింది. నాకు వాడి విద్యలో కావలసిన ముక్క, అంటే నిలబడ్డ మనిషిని నా ఇష్టప్రకారం నేలకు తేవడం, ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. మీ సీనియర్లు చెప్పినదాంట్లో సగం నిజం అన్నానే, అది ఇది. ఇరవై ఏళ్లవాడివి కాబట్టి నీకు నాకంటే త్వరగానే దొరుకుతుంది, కానీ ఇవాళే మొదలుపెట్టాలి.

కాబట్టి బీజేజే మానకు, ఆడే తీరు మార్చు. గార్డ్‌లోకి ఎవడైనా వస్తే మొదటి ఆలోచన ఆర్మ్‌బార్ కాకూడదు, లేచి నిలబడటం కావాలి. అది కుదరకపోతే స్వీప్ (కిందనుంచి పైవాణ్ని తిరగేయడం), అదీ కుదరనప్పుడే సబ్మిషన్. వారంలో రెండు రోజులు కుస్తీ లేదా జూడో తెలిసినవాళ్లతో నిలబడే మొదలుపెట్టు, మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టే రోల్స్ (ప్రాక్టీసు పోరు) తగ్గించు. ఒక రోజైనా గ్లోవ్స్ వేసుకుని, పైనున్నవాడు మెల్లగా కొట్టే షరతు మీద రోల్ చెయ్యి. మొదటి రోజే నీకిష్టమైన పట్లలో సగం రాలిపోతాయి, ఏవి మిగిలాయో ఒక కాగితం మీద రాసుకో. బాక్సింగ్ గురించి నేను చెప్పేదేం లేదు, అది ఎలాగూ తప్పదు.

గోడ పని మాత్రం మర్చిపోకు. బీజేజే మ్యాట్‌కి అంచు ఉంటుంది, దాటితే రిఫరీ మధ్యకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టిస్తాడు. కేజ్‌కి గోడ ఉంటుంది, అక్కడే మనం చస్తాం, అక్కడే లేస్తాం. తల గోడకు ఆనకముందే తుంటి గోడకు ఆనించాలి, వాడి చంకలోకి ఒక చెయ్యి దూర్చాలి, వీపుతో గోడను తోస్తూ పైకి పాకాలి. చదవడానికి రెండు వాక్యాలు. నేను ఇప్పటికీ శనివారాలు ఆ కుర్రాడి దగ్గర గోడకు ఆనుకునే మొదలుపెడతాను. పోయిన వారం ఐదు నిమిషాల్లో రెండుసార్లు లేచాను.